ముసలిపెట్టె

…చంపడమంటే చంపడమే, అందులో చిన్నా పెద్దా ఏముంది, కంటికి ఆననంత చిన్నదైతే ప్రాణం ప్రాణం కాకుండా పోతుందా, పోనీ అది పాపమే అనుకుందాం, మరి ఇన్నేళ్ళలో ఒక్క సోమవారమైనా తన చెయ్యి ఎందుకు వణకలేదు?

చౌడేశ్వరి గాజు సీసాలను వరసగా నిలబెట్టి, వాటి అడుగున పేరుకున్న తుప్పు రంగు మడ్డిని చూస్తూ ఈ ఆలోచనలోనే ఉంది. ప్రతి సీసాలోనూ ఒకే రాతిపొడి, ఒకే నీళ్ళు, ఆ రాతిని తిని బతికే సూక్ష్మజీవులు. ఎక్కువ రాయి తిన్న సీసా ఒక్కటే బతుకుతుంది. మిగతా వాటిని ప్రతి సోమవారం మరిగే నీళ్ళలో ముంచేయాలి. నిదానంగా తినేవి చావాలి, ఆత్రంగా తినేవి పిల్లల్ని కనాలి. ఆ పిల్లల్లో మళ్ళీ నిదానమైనవి చావాలి. ఆమె చేసిన పనంతా ఇదే. దీన్ని సభల్లో పరిశోధన అన్నారు, శాలువా కప్పారు.

ఇంట్లో ఓబులేసు అన్నం తినే తీరు గుర్తొచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి నమిలి, గోడ వంక చూస్తూ కాసేపు ఆగి, మళ్ళీ నమిలేవాడు. ఆ దవడ కదలడం చూస్తుంటే ఆమెకు ల్యాబులో రాళ్ళు నలగ్గొట్టే మిషను గుర్తొచ్చేది. దాని ఇనప దవడల మధ్య ఈ తల పెడితే ఎంతసేపు పడుతుంది? ఆలోచన అంతదాకా వచ్చాక ఉలిక్కిపడి లేచి వెళ్ళి చల్ల తెచ్చి పోసేది. "నువ్వు నా సీసాలో పుట్టింటే మొదటి వారమే పారబోసుందును బావా," అంది ఒకసారి. అతను పొలమారేటట్టు నవ్వాడు. మర్నాడు గనిలో అందరికీ చెప్పి నవ్వించాడు కూడా. ఓబులేసు ఆమెకు మేనబావ, భర్త, గనిలో బ్లాస్టింగు మేస్త్రీ. మందు పేలిన తర్వాత దుమ్ము పూర్తిగా అణిగేదాకా ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు. అతని ముఠాలో మనుషులు అందుకే బతికి ఉన్నారని అందరూ అనేవారు. ఆమె మాత్రం ఆ సీసా మాట హాస్యానికి అనలేదు. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

"మేడం, నన్ను గూడా ఒగ వారం దాంట్లో కూచోబెట్టరాదూ?" అన్నాడు ల్యాబు పనివాడు దస్తగిరి, మిషను ఆపి గడ్డంలోని రాతిపొడి దులుపుకుంటూ. "రిటైరుమెంటు తొందరగా వస్తాది."

"ఎముకలు గూడా మిగలవన్నా."

"మా ఆడది అంతకంటే ఏం మిగిల్చింది లెండి."

అతను చూపించింది గోడవారనున్న అద్దాల పెట్టెను. ముసలిపెట్టె అన్నది దస్తగిరి పెట్టిన పేరే. కాకులకొండ రాగి గనిలో తవ్వి పారేసిన చెత్తరాయి గని పక్కన ఇంకో కొండ అయి కూర్చుంది, దాన్నే డంపు అంటారు. ఆ రాయిలో అక్కడక్కడా బంగారంలా మెరిసే గంధకపు పొర ఉంటుంది. గాలీ నీళ్ళూ తగిలితే అది పులిసి, ఆమ్లమై కారుతుంది. అదే రాయిలో సున్నం కూడా ఉంటుంది, అది పులుపును విరుస్తుంది. రెంటిలో ఏది ముందు అయిపోతుందో తేలడానికి మామూలుగా మనిషి జీవితం చాలదు. ముసలిపెట్టెలో మాత్రం ఒక రోజు గడిస్తే లోపలి రాయికి ఒక ఏడు గడిచినట్టు. కావలసిందల్లా వెచ్చటి తడిగాలి, వారానికోసారి నీళ్ళు, చౌడేశ్వరి పెంచిన ఆ ఆకలి. అడుగు గొట్టంలోంచి సీసాలోకి దిగే చుక్కలను దస్తగిరి రాయి చెమట అనేవాడు. ఆ చెమట ఎప్పుడు పుల్లబడిందో చూసి, కొండ ఎన్నేళ్ళకు పుల్లబడుతుందో ఆమె చెప్పేది. కాకులకొండ డంపు అరవై ఏళ్ళ దాకా పుల్లబడదని చెప్పింది. ఆ మాట మీదే దాని కింద, వంకమిట్టలో, ఊరు ఊరుగా ఉండిపోయింది.

తలుపు తోసుకుని మేనేజరు భుజంగరావు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ బాటిలు ఉంది. వేడికి దాని అడుగు మెత్తబడి ఒకపక్కకు ఒరిగింది.

"డంపు కింద ఇది కారుతోంది మేడం. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. నడుమ నుంచి ఆవిర్లు కూడా లేస్తున్నాయి. వానలు పడి ఎన్నాళ్ళయింది చెప్పండి? మరి ఈ నీళ్ళెక్కడివి? అరవై ఏళ్ళన్నారు మీరు. నా సంతకం కూడా ఉంది దానిమీద."

ఆమె పులుపు తేల్చే కాగితపు ముక్క ముంచి చూసింది. అది ఎర్రబడటం ఆగలేదు. నిమ్మరసం దీనిముందు పాలు. ఒక చుక్క గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఊదారంగు దీపం వెలిగించింది. ఇంటి కోడిపిల్లలకు రంగు పూసినట్టు, తను పెంచిన వాటికి ఆమె ఒక గుర్తు పెట్టుకుంది. ఊదా వెలుతురులో అవి ఆకుపచ్చగా మెరుస్తాయి. కొండల్లో సహజంగా ఉండేవి మెరవవు.

చుక్కంతా ఆకుపచ్చగా వెలిగిపోయింది.

ముందు కలిగింది భయం కాదు. ఆ సంగతే తర్వాత ఆమెను చాలాసార్లు కుళ్ళబొడిచింది. ముందు కలిగింది, బడి పోటీలో బిడ్డ అందరికంటే ముందు పరిగెత్తడం చూసిన తల్లికి కలిగేది. పెట్టెలో ఉన్నప్పటికంటే ఇవి చురుగ్గా ఉన్నాయి. బయటి గాలిలో, బయటి ఎండలో, ఎవరూ మేపకుండా బతికాయి. ఆమె లెక్క తప్పలేదు. కొండే తొందరపడింది. అరవై ఏళ్ళు ఎప్పుడో దాటి, ఈపాటికి దానికి మూడు నాలుగు వందల ఏళ్ళు మీదపడి ఉంటాయి.

"ఏముంది అందులో?"

"ఇంకా చూడాల సార్."

"సరే, చూస్తూ ఉండండి. పైపులు వేయించాను. పైనుంచి నీళ్ళు కొట్టి చల్లారుస్తాం."

"నీళ్ళొద్దు," అంది గబుక్కున. నీళ్ళంటే వాటికి విందు. తడి ఎక్కడిదాకా పోతే అవి అక్కడిదాకా పోతాయి.

"వద్దా? ఎందుకొద్దు?"

నాలుక చివర మాట ఉంది. అది చెబితే తర్వాతి ప్రశ్న ఇంకోటి ఉంటుంది.

"వద్దంటున్నా. అంతే."

"మండేదానిమీద నీళ్ళు కాక నెయ్యి పొయ్యమంటారా?" భుజంగరావు విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె దస్తగిరిని పిలిచి, డంపు అడుగున ఇంకో చోటి నుంచి మరో సీసా నింపుకు రమ్మంది. అతను తలకు తువ్వాలు చుట్టుకుని, ఈ ఎండలో కొండకు పట్టిన చెమట చాలక నాకూ పట్టిస్తాండారు అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ల్యాబు నుంచి బయటికి పోయేది ఒకటే ఒకటి. కాల్చిన రాయి.

అది కంపెనీ పెట్టిన పద్ధతి కాదు. బ్లాస్టింగు ముఠావాళ్ళది. పరీక్షకని డంపు కొండ నుంచి తీసిన రాయి వాళ్ళ దృష్టిలో అరువు రాయి. తొలకరి పడేలోగా దాన్ని తీసిన మెట్టు మీదే తిరిగి పెట్టాలి, లేకపోతే కొండ దాని బదులు మనిషిని తీసుకుంటుంది. చౌడేశ్వరి ఒప్పుకుంది, కానీ పెట్టెలోంచి వచ్చిన రాయిని కొలిమిలో ఒక పూటంతా కాల్చి, అందులో ప్రాణమన్నది లేకుండా చేశాకే ఇస్తానంది. కొలిమికి ఎక్కించేదీ, కాలినదాన్ని కొండకు మోసేదీ ఓబులేసే.

ఆమె ఇల్లు చేరేసరికి అతను వసారాలో కూర్చుని అన్నం తింటున్నాడు. డంపు ఆవిర్లతో ఆ పూట బ్లాస్టింగు ఆపేశారు.

"బావా, పోయినేడు కొలిమికి పెట్టిన రాళ్ళు ఏం జేసినావు?"

ఓబులేసు నమిలాడు. గోడ వంక చూశాడు.

"నిన్నే."

"కాల్చలే," అన్నాడు.

"కాల్చలేదా? నేను చూసినా గదా, ట్రేలల్లో."

"నువ్వు చూసింది రోడ్డుకేసే కంకర. దాన్ని కాల్చినా." మింగాడు. "నీ రాళ్ళు పచ్చియే తీస్కపొయినా."

ఆమెకు వినపడుతూనే ఉంది, అర్థమవుతూనే ఉంది, కానీ చెవిలో ఏదో సన్నగా మోగుతోంది. అతను తనపాటికి తను చెబుతున్నాడు. పోయిన ఏడు పేలని మందుగుండు చేతిలో పేలి బాలగురప్ప చచ్చిపోయాక, వాళ్ళన్న లింగమయ్య ముఠా అందరి ముందరా రోజూ అదే మాట అనేవాడట. "నీ పెండ్లాం కొండ రాళ్ళను కాల్చి పీనుగలు జేసి ఇస్తాంది. కొండ మాత్రం మనుషుల్ని పచ్చిగా తింటాంది. మగోడివైతే పచ్చిరాయి తెచ్చి పెట్టు." అన్నం దగ్గర అనేవాడట, మందు కూరేటప్పుడు అనేవాడట.

"కాల్చిన ఇత్తనం మొల్చదు గదా చౌడీ. కాల్చిన రాయిని కొండ యెట్ల తీసుకుంటాది? నాకూ నిజమే అనిపించ."

"యాడ పెట్టినావు?"

"యాడివి ఆడనే. ఏ మెట్టు రాయి ఆ మెట్టుకే. బొక్కజేసి లోపలికి పెట్టి, పసుపు పూసి, చల్ల పోసినా." కొంచెం ఆగి, మెచ్చుకుంటుందేమో అన్నట్టు చూశాడు. "ఆ పొద్దుట్నించి ఒక్కడు సావల."

ఆమె చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకు తెలీదు. కంచం లాక్కుని, దాని అంచుతో అతని మూతి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మెతుకులు గోడకు అంటుకున్నాయి. అతని కింది పెదవి చీలి రక్తం గడ్డం మీదికి కారింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టడం ఇంత తేలికని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇన్నేళ్ళు మనసులో చేసిన పనే కాబట్టి చెయ్యికి దారి తెలిసినట్టుంది.

"చూపించు," అంది రొప్పుతూ. "యాడెక్కడ పెట్టినావో గియ్యి."

అతను చెంబులో వేలు ముంచి నేల మీద గీశాడు. కింది మెట్టు, నడి మెట్టు, వంకమిట్ట వైపు వంపు. నాపరాయి కాలిపోతున్న మధ్యాహ్నం. ఒక గీత గీసేలోగా ముందుది ఆరిపోతోంది. "ఇట్ల నోటితో చెప్తే రాదు. కాలితో నడిస్తేనే తెలుస్తాది," అన్నాడు.

అప్పుడు మోత వినపడింది. మందు పేలిన మోత కాదు. ఓబులేసుకు ఆ తేడా తెలుసు. పెద్ద బస్తా చినిగి గింజలు జారినట్టు మొదలై, ఆ జారడం ఆగకుండా పెరిగింది. కిటికీ రెక్కలు వణికాయి. సైరను కూసింది.

అతను లేచి నిలబడ్డాడు. మూతి తుడుచుకున్నాడు. "పొయ్యి చెప్తా," అన్నాడు.

"ఎవురికి?"

"అందరికీ. యాడుండాయో నాకే గదా తెల్సు."

ఆమె అతని రెండు భుజాలూ పట్టి వెనక్కి తోసింది. మందుగుండు పెట్టెలు మోసిన ఆ మనిషి ఆమె తోపుకు వెనక్కి వెళ్ళాడంటే, వెళ్ళాలనుకున్నాడు కాబట్టే. జొన్నల బస్తాలుండే చిన్నగదిలోకి తోసి, తలుపు లాగి, బయట ఇనప గడియ వేసింది. "గమ్మునుండు. నేను పిల్చేదాకా నోరు తెరవాకు. నిన్ను చంపుతారు వాళ్ళు."

అట్నుంచి అటే సైరను కూసినవైపు పరిగెత్తింది.

డంపు అడుగున రోడ్డు లేదు. అక్కడ ఇప్పుడు పసుపూ ఎరుపూ కలిసిన బురద ఉంది, నిండా ఉడుకుతూ, గుడ్లు కుళ్ళిన వాసనతో. నీళ్ళు కొట్టిన పైపు ఒకటి బురదలోంచి తల ఎత్తి ఇంకా చిమ్ముతోంది. దాన్ని పట్టుకున్న ఇద్దరు మనుషులు కనపడలేదు. ఒకరి చెప్పు మాత్రం తేలింది. కాసేపట్లో దాని తోలు ముడుచుకుపోయి, మునిగింది.

నులకమంచం మీద దస్తగిరిని మోసుకొచ్చారు. అతను మోకాళ్ళ దాకా అందులో ఇరుక్కున్నాడు. లాగేటప్పుడు చర్మం మేజోడులా ఊడి బురదలోనే ఉండిపోయింది. చౌడేశ్వరి బిందెలు తెప్పించి ఆ కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉంది. పోసిన ప్రతిసారీ అతను అరిచాడు. అరుపుల మధ్య ఆమెను గుర్తుపట్టాడు.

"మేడం… సీసా పగిలిపాయె," అన్నాడు. "నింపినా. పైకి వస్తాంటే పగిలిపాయె."

"పోనీ అన్నా. పోనీ."

"ఇంగోటి తెస్తామంటే…" కాళ్ళ వైపు చూడబోయాడు. ఆమె అతని కళ్ళు చేత్తో మూసింది.

బండిలో అతన్ని పంపేలోగా జనం చేరారు. వంకమిట్ట వాళ్ళు చేరలేదు. వాళ్ళకున్న ఒక్క రోడ్డూ బురద కింద ఉంది, వెనక గని గోడ నిలువునా ఉంది. ఊరివైపు నుంచి ఆడవాళ్ళ కేకలు మాత్రం వస్తున్నాయి. డంపు పైన, సరిగ్గా ఆ ఇళ్ళ నెత్తిన, అడ్డంగా ఒక చీలిక కనపడుతోంది. అందులోంచి తెల్లటి ఆవిరి బుస్సుమంటోంది.

"నీళ్ళొద్దని ఈమె ముందే అంది," అన్నాడు భుజంగరావు అందరికీ వినపడేట్టు. అతని చొక్కా మీద బురద చిందిన చోటల్లా చిల్లులు పడ్డాయి. "ఎందుకొద్దని అడిగితే చెప్పలేదు. ఈమెకేదో తెలుసు. అడగండి."

జనం ఆమె వైపు తిరిగారు. ముందు లింగమయ్య ఉన్నాడు, ఓబులేసు ముఠాలో పెద్దవాడు, తమ్ముడిని పోగొట్టుకున్నవాడు. చేతిలో గడ్డపార ఉంది.

"ఏందమ్మా తెల్సు నీకు?"

"అవి నేను పెంచిన పురుగులు," అంది. గొంతు ఆమెది కానట్టు బయటికొచ్చింది. "పెట్టెలో ఉండాల్సినవి. కొండలో పడినాయి. రాయిని తిని ఆమ్లం చేస్తాయి. ముందు నీళ్ళు ఆపండి. పైపులన్నీ ఆపండి."

అటు పరిగెత్తి ఎవరో పంపు కట్టేశారు. మిగతావాళ్ళు ఆమెను ల్యాబుకు ఈడ్చుకుపోయారు. ఎవరు ఈడ్చారో, ఎవరి గోళ్ళు చేతిలో దిగాయో ఆమె చూడలేదు. లింగమయ్య గడ్డపార ఎత్తి ముసలిపెట్టెను కొట్టాడు. అద్దం పగిలింది. మళ్ళీ కొట్టాడు. లోపలి గొట్టాలు, వెచ్చటి తడి, తుప్పు రంగు రాళ్ళు నేలమీదికి దొర్లాయి. సోమవారం బతకనిచ్చిన సీసా కూడా పగిలింది. ఆమె ఒక్క అడుగు ముందుకేసింది. ఆపడానికి కాదు. ఆ గడ్డపార తనకిస్తే తను ఇంకా గట్టిగా కొట్టేది. ఆ కోరిక ఎంత బలంగా వచ్చిందంటే, వట్టి చేతులతోనే పగిలిన అద్దాన్ని పట్టి లాగింది. అరచేయి తెగింది.

"ఎట్ల పొయినాయి కొండలేకి?" లింగమయ్య ఆమె జుట్టు పట్టుకున్నాడు. "రెక్కలొచ్చి పొయినాయా?"

"పైన ఇంకా వాటి గూళ్ళున్నాయి," అంది. "ఆ చోట్లు తవ్వి సున్నం పొయ్యాల. అట్ల చేస్తే ఆగుతుంది. లేకపోతే ఆ చీలిక వంకమిట్ట మీదికి దిగుతుంది."

"యాడుండాయి ఆ గూళ్ళు?"

"నాకు తెలీదు."

"ఎవురికి తెల్సు? ఎవుడో ఒకడు మోసి పెట్టింటాడు గదా. ఎవుడు వాడు?"

ఆమె తెగిన అరచెయ్యి బిగించి పట్టుకుంది. అతను చెంప మీద కొట్టాడు, పెదవి పగిలింది. చెవిలో మళ్ళీ సన్నగా మోగింది. ఆ మోతలోంచి అతని మాటలు వచ్చాయి. "వాని పేరు చెప్పు. ఆ ఉడికే బురదలో ముంచి ముంచి తీస్తా. బతికుండగనే ఎముకలు కనపడాల వానికి." అంటూ ఏడుస్తున్నాడు. పైపు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు అతని అల్లుడు.

నువ్వే, అందామనుకుంది. మగోడివైతే పచ్చిరాయి తెచ్చి పెట్టమన్నది నువ్వే. కానీ ఆ మాట అనాలంటే ముందు ఆ మగవాడెవరో చెప్పాలి.

కొండ మీద మళ్ళీ జారిన చప్పుడైంది. అందరూ బయటికి ఉరికారు. సున్నం లారీలు తేవాలని ఒకరు, తాళ్ళు తేవాలని ఒకరు, ఎక్కడ తవ్వాలో తెలీకుండా పైకెక్కితే చచ్చేదెవరని ఇంకొకరు. వాళ్ళలో సగం మంది ఓబులేసు యాడ, ఆ మెట్లన్నీ తెలిసినోడు వాడొక్కడే గదా అని వీధుల వెంట అరుచుకుంటూ పోయారు. ఓబులేసును పిలవండి అన్న నోళ్ళే పురుగుల్ని కొండలో పెట్టినోణ్ణి ముంచండి అంటున్నాయి. రెండూ ఒకే మనిషని ఎవరికీ తెలీదు.

ఆమె ఒక్కతే ఇంటిదారి పట్టింది. నడుస్తుంటే కాళ్ళు ముందుకు పోతున్నాయి, మనసు మాత్రం ఆ గడియ దగ్గరే తచ్చాడుతోంది. దాన్ని ఎవరికోసం వేసింది? వాణ్ణి చంపుతారని. నిజమే. కానీ గడియ వేసిన ఆ క్షణంలో కళ్ళముందు మెదిలింది అతని శవం కాదు. ఆకుపచ్చగా వెలిగిన చుక్క. అతను నోరు విప్పితే అవి ఎలా బయటపడ్డాయో తెలుస్తుంది, తెలిస్తే పెట్టె పోతుంది, పేరు పోతుంది. ఇప్పుడు పెట్టె పోయింది. పేరు రేపు పోతుంది. మరి ఇంకా గడియ ఎందుకు వేసి ఉంది? ఇప్పుడు మిగిలింది నిజంగా అతనొక్కడే. ఇదే మొదటిసారి, ఆ మనిషిని వేరే దేనికోసమూ కాక అతని కోసమే దాచాలనిపించడం. ఆ అనిపించడం ఇప్పుడు రావడం ఎంత దుర్మార్గమో తలచుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే పగిలిన పెదవి మండింది.

వసారాలో మెతుకులు ఎండిపోయాయి. చీమలు పట్టాయి.

"చౌడీ, నువ్వేనా?"

"ఊఁ."

"దస్తగిరన్న అటుపక్క పొయినాడని ఎవురో అరుస్తాంటే ఇన్యా."

"కాళ్ళు పోయినాయి. బతుకుతాడో లేదో."

లోపల జొన్నల బస్తా మీద బరువు కదిలిన చప్పుడైంది.

"లింగన్న గూడా ఈదిలోనే అరుస్తా పొయినాడు. పురుగుల్ని కొండలో పెట్టినోణ్ణి ముంచుతాడంట."

"ముంచుతాడు."

"వాడే గదా పచ్చిరాయి పెట్టమన్యాడు?"

"ఆ మాట వానికి గుర్తు లేదు బావా. గుర్తొచ్చినా ఆగడు. వాళ్ళ అల్లుడు పోయినాడు."

"సుబ్బరాయుడా? పొద్దున నాకాడ బీడీ తాగిపాయె గదా."

ఆమె తలుపుకు ఎదురుగా నిలబడింది. గడియ మీద ఎండ పడి ఇనుము కాగుతోంది.

"బొమ్మ గీసిస్తే నువ్వు పోయి చూపియ్యరాదా? నీది చదివిన బుర్ర."

"మెట్లు జారిపోయినాయి. నువ్వు గీసినట్టు అక్కడేం లేదు ఇప్పుడు. వంకమిట్ట మీద చీలిక పడింది. రోడ్డు లేదు. వాళ్ళు యాడికీ పోలేరు."

"అందరూ ఆడనే ఉండారా?"

"అందరూ."

ఆమె తెగిన అరచేతిలోంచి రక్తం గడపమీద చుక్కలుగా పడుతోంది. లోపలి మనిషి తలుపు దగ్గరికి వచ్చాడు. చెక్కకు అటుపక్క వీపు ఆనించి కూర్చున్నాడని, పలకలు కిర్రుమనడంతో తెలిసింది.

"నాకు బయమైతాంది చౌడీ," అన్నాడు. "మందు కూరేటప్పుడు గూడా ఇంత బయం ఎప్పుడూ కాల. అది పేలితే తెలీకనే పోతాం. ఇది…" మాట ఆగిపోయింది. "తియ్యాకు. రవ్వంతసేపు తియ్యాకు."

"నేనూ వస్తా నీ యెంట. నీకంటే ముందర నేనే నడుస్తా."

"నువ్వొస్తే నిన్ను గూడా ముంచుతారు."

"ముంచనీ."

"తియ్యాకు," అన్నాడు మళ్ళీ, చిన్నగా, ఆమెకు వినపడాలని కూడా అనుకోనట్టు.

కొండ వైపు నుంచి ఇంకో జారుడు మోత. ఈసారి పొట్టిగా. దాని వెనకే ఆడవాళ్ళ కేక ఒకటి, పొడుగ్గా.

ఆమె గడియ పట్టుకుని లాగింది. కదల్లేదు. అవతల అతని వీపు బరువుకు తలుపు బిగిసి, గడియ కొక్కెంలో ఇరుక్కుంది. ఇనుము అరచేతిలో గాయాన్ని కాల్చింది. ఆమె తన భుజాన్ని తలుపుకు ఆనించి, ఆ వీపు ఉన్న చోటే, బలమంతా పెట్టి లోపలికి నెట్టింది. చెక్క కొంచెం జరిగింది.

గడియ తీసింది.